బొగ్గు బస్సులో అల్లిన స్వెట్టరు

పోయిన వారం మా కోడలు నన్ను తిరువళ్ళూరు బజారులో ఒక బట్టల కొట్టుకు తీసుకుపోయింది. మనవరాలు బడి పిల్లలతో కలిసి కొడైకెనాలు చూడబోతోందట, దానికొక స్వెట్టరు కావాలి. కొట్టులోని అమ్మాయి రంగురంగులవి తెచ్చి బల్ల మీద పరిచింది. నేను ఒకటి చేతికి తీసుకుని, అలవాటు కొద్దీ, లోపలి వైపు బయటికి తిప్పి చూడసాగాను. "పాటీ, అవ్వా, అది లోపలి పక్క, ఇట్ల చూడండి" అని ఆ అమ్మాయి మర్యాదగా దాన్ని మళ్ళీ సరిచేసి పెట్టింది. నేను మళ్ళీ తిప్పాను. ఆమె మళ్ళీ సరిచేసింది. మూడోసారికి కోడలు నవ్వు ఆపుకోలేక, "ఆమెను వదిలేయమ్మా, మా అత్తమ్మ స్వెట్టరుకు నాడి పట్టి చూస్తాది" అంది. కొట్టు అమ్మాయి కూడా నవ్వింది. నిజమే, నాడి పట్టి చూడడమే అది. అల్లినవాళ్ళ చెయ్యి ఎట్లాంటిదో బయటివైపు చెప్పదు, కుట్లు కలిపిన లోపలివైపే చెబుతుంది. ఈ బుద్ధి నాకు నేర్పినది మా మామ. నేర్పిన చోటు పళ్ళిపట్టు నుంచి తిరుత్తణికి వచ్చే ఒక బొగ్గు బస్సు. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు, రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది దాటింది.

మా ఊరు ఆ బస్సు దోవలోనే, తిరుత్తణికి ఎనిమిది మైళ్ళ ఇవతల. అప్పట్లో ఆ వైపంతా చిత్తూరు జిల్లా. చెరకు, శెనక్కాయలు, ఎండ, ఈ మూడింటికీ మా ఊళ్ళో కరువు ఉండేది కాదు. ఏడాదిలో పది నెలలు విసనకర్రతో బతికే చోట స్వెట్టరుతో ఏం పని అని మీరు అడగవచ్చు. తక్కిన రెండు నెలలతోనే నాకు వచ్చింది చిక్కు. మార్గళి, అదే ధనుర్మాసం, అడుగుపెట్టి, తెల్లవారుజామున చెరకు తోటల మీద మంచు తెల్లగా దిగిందంటే నాకు ఆయాసం మొదలయ్యేది. ఊపిరి తీస్తే కుయ్యి, వదిలితే కుయ్యి. "దీని రొమ్ములో పిల్లికూనలు చేరినాయి" అనేది మా అవ్వ, అంటే నాయనకు అమ్మ. వేపాకు పొగ, మిరియాల కషాయం, ఆముదం పట్టు, అన్నీ అయ్యేవి. బడి మాత్రం పోయేది. తిరుత్తణి హైస్కూలుకు పోవాలంటే మాకు ఉన్నది తెల్లవారి వచ్చే మొదటి బస్సు ఒక్కటే. దానికి కిటికీ అద్దాలు ఉండేవి కావు, చినిగిన గుడ్డ తెరలు ఉండేవి. రెండేళ్ళు వరసగా మార్గళి అంతా ఇంట్లో పడుకున్నాను. మూడో ఏడు హెడ్మాస్టరు మా నాయనను పిలిపించి, ఈసారి కూడా ఇట్లాగే అయితే పరీక్షకు పంపడం కుదరదు అన్నాడట. నాయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అవ్వ తీర్పు చెప్పేసింది. "మార్గళి దాకా పోనీ. రొమ్ము పట్టిందా, ఆ దినంతో చదువు సరి. ప్రాణం కంటే ఎక్కువా పరీక్ష?" నాయన తేల్చని మనిషి. "చూద్దాంలేమ్మా" అని పొలానికి పోయినాడు.

ఒక కంబళి కప్పుకుని పోకూడదా అంటే, అదీ అయింది. గొర్రె బొచ్చు కంబళి, అవ్వకు అత్త ఇచ్చినది. నన్ను దాంట్లో చుట్టి బస్సు ఎక్కిస్తే, దాని దుమ్ముకే నా దగ్గు రెండింతలయ్యేది. పుస్తకాలు పట్టుకుంటే కంబళి జారేది, కంబళి పట్టుకుంటే పుస్తకాలు జారేవి.

ఇక మామ సంగతి. మా అమ్మకు తమ్ముడు. యుద్ధంలో లారీ తోలడానికి పోయి, ఎక్కడో కొండ దోవలో లారీ బోల్తాపడి, బెంగుళూరు మిలిటరీ ఆసుపత్రిలో కాలికి సిమెంటు కట్టుతో ఏడు నెలలు పడుకున్నాడు. అక్కడ ఒక నర్సు, మంచాల మీద ఊరికే పడి ఉండి చిరాకు పడే సిపాయిల చేతికి సూదులూ ఊలూ ఇచ్చి అల్లిక నేర్పిందట. తక్కినవాళ్ళు కట్టు విప్పిన దినమే సూదులు వదిలేసినారు. మామ వదల్లేదు. కొంచెం కుంటి నడకతో, ఒక రేకు పెట్టెతో వచ్చి, తిరుత్తణి స్టేషనులో గూడ్సు షెడ్డు పని సంపాదించుకుని మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున నాతో పాటు అదే బస్సు. సాయంత్రం అరుగు మీద కూర్చుని అల్లిక. దారిన పోయే మొగవాళ్ళు ఆగి చూసి, నవ్వి పోయేవాళ్ళు. అవ్వకు తలవంపుగా ఉండేది.

"ఏమప్పా, మొగోడివి, ఆ పుల్లలు లోపల పెట్టు. రేపు పిల్లనిచ్చేవాళ్ళు వస్తే ఏమనుకుంటారు?"

"చలేసినోడు అడగడత్తా, ఎవురు అల్లినారని" అనేవాడు మామ, తల ఎత్తకుండానే.

మామ తనకోసం అల్లుకున్న స్వెట్టరు ఒకటి ఉండేది, ముందువైపు గుండీలు, రెండు జోబులు. ఒకనాడు అది ఆరేసి ఉంటే తొడుక్కుని చూశాను. మోకాళ్ళ దాకా వచ్చింది. కానీ రొమ్ము మీద ఎవరో వెచ్చటి అరచెయ్యి పెట్టినట్టు అనిపించింది. బరువు లేదు, దుమ్ము లేదు, రెండు చేతులూ ఖాళీ. ఆ క్షణాన నాకు కలిగిన ఆశ ఇంతా అంతా కాదు. పరుగున పోయి మామను అడిగాను.

"మామా, నాకొకటి అల్లియ్యి."

"అల్లియ్యను. నేర్పిస్తా, నువ్వే అల్లుకో."

"అయితే ముందు అవ్వకు చిన్నదేదైనా అల్లి నేర్చుకుంటా."

"వొద్దు మే. ఇంకొకరికి అల్లితే, బాగుండాదని వాళ్ళు మొగమాటానికి అబద్ధం చెప్తారు. నీకు అల్లుకుంటే నీ వొళ్ళు నిజం చెప్తాది" అన్నాడు. తరవాత కొంచెం ఆలోచించి, "పండగ బట్ట కాదు ఇది, దినామూ వేసుకునేది. తొడుక్కున్న సంగతే నువ్వు మర్చిపోవాల. అట్ల వచ్చిందంటే అల్లిక వచ్చినట్టు" అన్నాడు.

విజయదశమి నాడు మొదలుపెట్టాం. ఊలు ఎక్కడిదంటే, యుద్ధం అయినాక మద్రాసులో పాత సామాన్ల అంగళ్ళలో సిపాయిల స్వెట్టర్లు గుట్టలుగా పోసి అమ్మేవాళ్ళు. మామ రెండు తెచ్చినాడు, పచ్చి పేడ రంగువి. మెడ దగ్గర ఒక్క పోగు తెంచి లాగితే ఎంత పెద్ద స్వెట్టరైనా గిరగిరా ఊడిపోతుందని ఆ దినం తెలిసింది. నాకది ఇంద్రజాలంగా ఉండింది. ఊడిన పోగు వంకర్లు వంకర్లుగా, సేమియా మాదిరి ఉండేది. దాన్ని చిలపలు, అంటే పెద్ద చుట్టలు, కట్టి, కుంకుడు రసంలో నానేసి, కింద చెంబు వేలాడదీసి ఆరబెడితే వంకర్లు పోయినాయి. రంగు మాత్రం అవ్వకు నచ్చలేదు. "ఆడపిల్ల పేడకడి మాదిరి పోతుందా బడికి?" అంది. పక్క ఊరి నేతవాళ్ళ అద్దకపు తొట్టిలో మిగిలిన ఎర్ర రంగులో ముంచి తెస్తే, అది ఎరుపూ కాక ఆకుపచ్చా కాక, పాత చింతపండు రంగుకు వచ్చి నిలిచింది. నాకు అంతకంటే అందమైన రంగు లోకంలో లేదనిపించింది. సూదులు వెదురుతో మామే చెక్కి, గాజుపెంకుతో గీకి, శెనగనూనె రుద్ది ఇచ్చినాడు.

అల్లికలో ఉండేవి రెండే కుట్లు. పోగును ముందు నుంచి తీస్తే ఒకటి, వెనక నుంచి తీస్తే ఇంకొకటి. నర్సు చెప్పిన పేర్లు నిట్టు, పర్లు. మామ అవే చెప్పేవాడు. ఇంట్లో అల్లడానికి తీరిక ఉండేది కాదు. బడి నుంచి రాగానే అవ్వ శెనక్కాయలు వొలిచే చాట ముందు పెట్టేది. దీపానికి కిరసనాయిలు కరువు. అందుకని నా అల్లికంతా బస్సులోనే, పోతూ ఒక గంట, వస్తూ ఒక గంట. ఎనిమిది మైళ్ళకు గంటా అని నవ్వకండి. పెట్రోలు దొరకని ఆ కాలంలో బస్సు వెనక పొయ్యి లాంటి పెద్ద పీపా కట్టి, బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. మిట్ట వచ్చిందంటే బస్సు ఆయాసపడేది. ఆ విషయంలో మేమిద్దరం ఒకటే జాతి. ఆగితే మళ్ళీ కదలడం దేవుడి దయ. కండక్టరు తమిళాయన, మీసాలు పెద్దవి, గొంతు అంతకన్నా పెద్దది. దిగి అందరినీ కేకేసేవాడు: "ఇరంగుంగ, ఇరంగుంగ! నెట్టండప్పా!" మొగవాళ్ళూ ఆడవాళ్ళూ దిగి నెట్టేవాళ్ళు. నన్ను మాత్రం దిగనిచ్చేవాళ్ళు కాదు, "పావం, ఆ పాపకు దమ్ము" అని. బస్సంతా ఖాళీ అయి, నేనొక్కదాన్నే మహారాణిలా లోపల కూర్చుని అల్లుకుంటూ ఉంటే, వెనక నుంచి నెట్టు నెట్టు అని అరుపులు. నాకేమో ఒడిలో నిట్టు నిట్టు.

నా పక్కన ఒక పూలామె కూర్చునేది. మా తరవాతి ఊరిలో ఎక్కి, తిరుత్తణి కొండ కింద అమ్మడానికి కనకాంబరాలు గంపలో తెచ్చేది. ఆమె దోవ పొడుగునా పూలు కట్టేది, నేను దోవ పొడుగునా ఊలు అల్లేదాన్ని. మొదటి వారం ఆమె తన పూల మీద నుంచి తల ఎత్తలేదు. రెండో వారం ఓరగా చూసింది. మూడో వారం ఉండబట్టలేక, "ఎన్న పాపా ఇది, ముడే లేకుండా నిలుస్తా ఉండాదే! నా పూలకు ముడి లేకుంటే రాలిపోతాయి" అంది. అప్పటి నుంచి దినామూ ఎక్కగానే ముందు నా అల్లిక కొలిచేది, తన జానతో. "నిన్నటికంటే నాలుగు వేళ్ళు పెరిగింది" అని బస్సంతటికీ చాటేది. వెనక సీటు నుంచి ఎవరో, "చేతులు యాడ? చేతులు ఎప్పుడు?" అని అడిగేవాళ్ళు. నిట్టూ పర్లూ ఏవో తెలియకపోయినా అందరికీ ఒక్కొక్క సలహా ఉండేది. ఒకాయన జోబు లోతుగా పెట్టమన్నాడు, లేకుంటే శెనక్కాయలు పడిపోతాయని. కండక్టరు మాత్రం మొదట్లో కోపంగా ఉండేవాడు, సూది ఎవరికైనా గుచ్చుకుంటుందని.

ఆయన కోపం పోయిన దినం ఒకటుంది. బస్సు ఒక గుంతలో పడి లేవగానే నా ఒడిలోని ఊలు ఉండ ఎగిరి, తెరిచి ఉన్న తలుపు దాటి, రోడ్డు మీద పడింది. కొస నా సూది మీద, ఉండ వెనక ఎక్కడో. బస్సు పోతోంది, పోగు సాగుతోంది. నేను "మామా!" అని అరిచాను. పూలామె నాకంటే గట్టిగా అరిచింది. కండక్టరు ఎవరి ప్రాణం పోయిందో అనుకుని, "నిల్పు! నిల్పు!" అని రేకు మీద దబదబా బాదినాడు. డ్రైవరు ఆపేసినాడు. ఆపిన తరవాత కదా అందరికీ తెలివి వచ్చింది, అది మిట్ట మధ్యలో అని. ఊలు ఉండ తేవడానికి ఒక నిమిషం, బస్సు కదిలించడానికి ముప్పావు గంట. నెట్టీ నెట్టీ చెమటలు కక్కి ఎక్కిన కండక్టరును చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆయన దుమ్ము కొట్టుకున్న ఆ ఉండను తన చొక్కాకు తుడిచి నా చేతిలో పెట్టి, "దీనికీ టిక్కెట్టు కొట్టాలమ్మా" అన్నాడు. బస్సు బస్సంతా నవ్వింది. మర్నాటి నుంచి వెలుతురు బాగా పడే కిటికీ పక్క సీటు నాది. ఎవరైనా అందులో కూర్చోబోతే, "అది స్వెట్టరు సీటు, లేవండి" అనేవాడు.

కార్తీకం ముగిసేలోగా వీపూ, ముందరి రెండు పక్కలూ, ఒక చెయ్యీ అయినాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం మామ వాటిని పెద్ద పెద్ద కుట్లతో ముడివేసి, "తొడుక్కో చూద్దాం" అన్నాడు. తొడుక్కున్నాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దాంట్లో నాతో పాటు అవ్వ కూడా పట్టేట్టుంది. భుజాలు మోచేతుల మీద, చెయ్యి ఏనుగు తొండం. మెడ దగ్గర నుంచి గాలి సూటిగా రొమ్ములోకి పోయేట్టు ఒక గొయ్యి.

మామ మొహం చిన్నబోయింది. "తప్పు నాదే. నా చేతి బిగువుతో లెక్క వేసినాను. నీది వదులు చెయ్యి, బస్సు కుదుపు వేరే. నడుమ నాకు అనుమానం తగిలింది, ఉతికితే ముడుచుకుంటాదిలే అనుకున్నా" అన్నాడు.

"ఏం పోయింది? ఎదిగే బిడ్డ. వచ్చే ఏటికి సరిపోతాది" అంది అవ్వ. మా ఇళ్ళలో బట్టలన్నీ వచ్చే ఏటికే కుట్టించేవాళ్ళు. నేను ఎప్పుడూ ఈ ఏటి బట్ట తొడుక్కుని ఎరగను. మార్గళికి ఇంక పదిహేడు దినాలే ఉన్నాయి. నాయన, అమ్మ, అవ్వ, అందరూ మామ వైపు చూశారు. మామ నా వైపు చూసి, "నీది. నువ్వు చెప్పు" అన్నాడు.

అంతవరకు నన్ను ఎవరూ అట్లా అడగలేదు. ఏం తింటావని కూడా అడిగేవాళ్ళు కాదు, పెట్టేవాళ్ళు. ఏడవబోతున్నానని అనుకున్నాను, కానీ నోట్లోంచి మాట వచ్చేసింది. "విప్పేస్తా."

మర్నాడు బస్సులో విప్పాను. మొదటి పోగు లాగగానే పూలామె నా చెయ్యి పట్టుకుంది. "అయ్యయ్యో, పిచ్చి పట్టిందా పాపా? నెలన్నర చూస్తా ఉండామే మేము!" ఆ 'మేము' అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. సంగతి చెప్పాను. ఆమె కాసేపు నన్ను ఎగాదిగా చూసి, పూలగంప కాళ్ళ కిందకు తోసి, రెండు చేతులూ నా ముందు చాపింది. "చుట్టు" అంది. నేను లాగుతుంటే ఆమె చేతుల మీద ఊలు చిలపగా చుట్టుకుంది. ఆమె చేతులు నిండినాక వెనక సీటాయన చాపినాడు. తిరుత్తణి స్టేషను వచ్చేసరికి వీపు లేదు, ముందు లేదు, చెయ్యి లేదు. కండక్టరు దిగేవాళ్ళకు దోవ ఇస్తూ, సావు ఇంట్లో మాదిరి మెల్లగా మాట్లాడినాడు.

ఆ రాత్రే మామ నా చేత అరచేయంత ముక్క ఒకటి అల్లించి, కొలిచి, మళ్ళీ లెక్క కట్టినాడు. ఇక ఆ పదిహేడు దినాలు! నాకు ఆకలి తెలియలేదు. బడిలో భూగోళం పాఠం జరుగుతుంటే డెస్కు కింద వేళ్ళు వాటంతట అవే కదిలేవి. మొదటిసారి చెయ్యి తడుముకుంటూ పోయింది, ఇప్పుడు పరుగెత్తింది. వీపు అయిదు దినాల్లో లేచింది. సాయంత్రం ఇంటికొచ్చి శెనక్కాయల చాట కోసం చూస్తే, ఒకనాడు అది కనబడలేదు. అవ్వ పెరట్లో కూర్చుని తానే వొలుస్తోంది. నన్ను చూసి, "ఏం చూస్తావు? నా చేతులు పడిపోయినాయా?" అని కసిరింది. ఆ తరవాత ఒక్కనాడూ చాట నా ముందుకు రాలేదు, దాని గురించి ఆమె మాట్లాడనూ లేదు. బస్సులో నాతో మాటలు బందు చేశారు. ఎవరైనా పలకరిస్తే పూలామె, "పిల్లను మాట్లాడియ్యొద్దండి, వరస తప్పుతాది" అనేది. కొబ్బరి చిప్పలు అరగదీసి మామ ఆరు గుండీలు చేసినాడు. ముక్కలు కలిపిన ప్రతి కుట్టునూ లోపలి వైపు తిప్పి చూడడం నేర్పినాడు.

మార్గళి మొదటినాడు, పొద్దు పొడవక ముందు, బస్సు కోసం నిలబడి ఆరో గుండీ కుట్టాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే, బస్సు కంటే ముందు దాని బొగ్గు వాసన వచ్చింది. తొడుక్కుని ఎక్కాను. తరవాతి ఊరిలో పూలామె ఎక్కగానే గంప దించి, నన్ను లేపి, వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, భుజం కుట్టు మీద వేలితో తట్టి, "కుదిరింది" అంది. తలలో కనకాంబరాలు తురిమింది. వెనక సీటాయన నా జోబులో గుప్పెడు వేయించిన శెనక్కాయలు పోసి, లోతు సరిపోయిందని ఒప్పుకున్నాడు.

కొండ కనబడే మిట్ట దగ్గర బస్సు ఎప్పటిలాగే ఆగిపోయింది. "ఇరంగుంగ!" అందరూ దిగారు. నేనూ దిగాను. దిగి, వెనక్కి పోయి, రేకు మీద రెండు చేతులూ ఆనించినాక, కండక్టరు చూసినాడు. "ఎన్నమ్మా నువ్వు? ఏరు, ఏరు, పైకెక్కు!" మామ పక్కకు జరిగి చోటిచ్చినాడు. నెట్టాను. చల్లటి గాలి మొహానికి కొట్టింది, రొమ్ముకు తగల్లేదు. రొమ్ములో కుయ్యిమనలేదు అని చెబితే అబద్ధమవుతుంది. ఒకసారి సన్నగా అన్నది. నేను ఆగలేదు. నాలుగు అడుగులు, పది అడుగులు, బస్సు గుర్రుమని కదిలింది, మేమంతా దాని వెనక పరుగెత్తి ఎక్కాం. సీట్లో కూర్చున్నాక మామ నా మొహం చూస్తూ, "బిగువుగా ఉండాదా?" అని అడిగినాడు. "ఏది?" అన్నాను. మామ కిటికీ వైపు తిరిగి, చాలాసేపు నవ్వుకున్నాడు.

ఆ మార్గళిలో మూడు దినాలు మాత్రమే బడి పోయింది. పరీక్షకు పంపినారు, పాసయ్యాను. స్వెట్టరుతో ఆయాసం తగ్గుతుందని డాక్టర్లు ఎవరూ ఒప్పుకోరు. అవ్వ అది తన కషాయమే అని చివరిదాకా వాదించింది. నాకు కారణం తెలియదు, బడికి పోయానని తెలుసు. తరవాత టీచరు పని వచ్చి తిరువళ్ళూరు చేరాను, ఆ స్వెట్టరు మోచేతులు రెండుసార్లు మళ్ళీ అల్లుకుని నా పెళ్ళయిన తరవాత కూడా వేసుకున్నాను. మామ పెళ్ళి చేసుకున్నాడు. పిల్లనిచ్చినవాళ్ళు అల్లిక సంగతి అడగనే లేదు, కాలి సంగతి అడిగినారు. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. బొగ్గు బస్సులూ పోయినాయి, జిల్లా మారింది, అదే దోవను ఇప్పుడు కారులో పావుగంటలో దాటుతాం, ఏ మిట్ట ఎక్కడ ఉండేదో కూడా తెలియదు.

నాకు డెబ్బై ఆరేళ్ళు. వెనక్కి తిరిగి చూస్తే కొన్ని ఏళ్ళకు ఏళ్ళే ఒక్క దినం మాదిరి జారిపోయినట్టు ఉంటాయి, ఏం చేశానో గుర్తు రాదు. ఆ పదిహేడు దినాలను మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కటిగా చెప్పగలను. మనం బతికిన కాలం కేలెండరులో ఉన్నంత ఉండదు కాబోలు, మనసు పెట్టినంతే ఉంటుంది.